సుత్తి తల, పిడి లేదు

సృష్టిలోని సమస్త పదార్థాలూ రెండు రిజిస్టర్లలో ఇమిడిపోతాయి. ఒకటి ఎర్ర అట్టది, రెండోది ఆకుపచ్చ అట్టది. వాడితే తరిగిపోయే దూది, స్పిరిటు, ఫినాయిలు, గుండుసూదులు వగైరా ఎర్ర అట్టలోకి వెళతాయి. ఎంత వాడినా తరగని కుర్చీలు, బీరువాలు, సూక్ష్మదర్శినులు, సంస్థాపకుని నిలువెత్తు చిత్రపటం ఆకుపచ్చ అట్టలోకి వెళతాయి. ఈ రెండింటికీ చెందని వస్తువు ఇంతవరకు పుట్టలేదు. ఒకవేళ పుట్టినా దానికి కొనుగోలు ఉత్తర్వు దొరకదు. ద్వైతమా, అద్వైతమా అని తత్త్వవేత్తలు వేల ఏళ్లుగా తేల్చుకోలేకపోయిన విషయాన్ని చిన్నంగిపురంలోని రాష్ట్ర సూక్ష్మచికిత్సా పరిశోధన సంస్థవారి సామగ్రి విభాగం రెండు అట్టలతోనూ ఒక దారపు ఉండతోనూ పరిష్కరించి యాభై ఏళ్లయింది.

ఆ పరిష్కారానికి డాక్టర్ హైమవతి వల్ల భంగం వాటిల్లింది. ఆమె కావాలని చేసినదేమీ లేదు. ఆమె చేసిన తప్పల్లా ఒక్కటే. ఫారంలో అడిగిన ప్రశ్నకు నిజం రాసింది.

హైమవతి ఆ సంస్థలో రైబోజైముల మీద ఏడేళ్లుగా పనిచేస్తోంది. రైబోజైము అంటే మరేమీ కాదు, ఆర్‌ఎన్‌ఏతోనే అల్లిన అతి చిన్న కత్తెర. ఒంట్లో చేరిన వైరస్ తన పనులన్నీ ఆర్‌ఎన్‌ఏ అనే పొడవాటి దారం మీద రాసుకుని నడిపిస్తుంది. ఆ దారంలో ఫలానా అక్షరాల వరుస ఎక్కడుందో వెతికి పట్టుకుని, సరిగ్గా అక్కడే కోసేటట్టు ఈ కత్తెరను తయారుచేయవచ్చు. కోత పడిన దారం వైరస్‌కు పనికిరాదు. పక్కనున్న మన దారాల జోలికి కత్తెర పోదు. ఈ కత్తెరల్లో ఒక జాతి ఉంది. కాగితం మీద బొమ్మ గీస్తే సుత్తి తలలా కనిపిస్తుంది కనుక శాస్త్రజ్ఞులు దానికి ‘సుత్తితల రైబోజైము’ అని ముద్దుపేరు పెట్టుకున్నారు. ముద్దుపేర్లు ఆఫీసు గడప దాటి లోపలికి రాకూడదన్న సంగతి వాళ్లకు తెలియదు.

హైమవతి తయారుచేయించిన మందు సీసా మంచుపెట్టెలో సంస్థకు చేరిన రోజున సామగ్రి విభాగం నుంచి ఒక ఫారం వచ్చింది. దాని పేరు వస్తుస్వభావ ప్రకటన పత్రం. పద్నాలుగో గడిలో ఇలా ఉంది: ‘సదరు వస్తువు వాడకమందు తరుగునా, తరగదా?’ మరొకరైతే గడియారం చూసుకుని ఏదో ఒకటి రాసేవారు. హైమవతి కలం మూత తీసి ఆలోచించింది. రైబోజైము ఉత్ప్రేరకం. చర్య జరిపిస్తుంది, తాను మారదు. ఏడేళ్ల శ్రమకు సారాంశం ఆ ఒక్క వాక్యమే. అందుచేత ఆమె కుదురైన అక్షరాలతో, కొంచెం గర్వంగా కూడా, ఇలా రాసింది: ‘తరగదు. చర్యలో పాల్గొని, యథాతథంగా బయటపడి, మరుచర్యకు సిద్ధమగును.’

సామగ్రి విభాగాధికారి గరుడాచలం గారు ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి, లేచి వెళ్లి, ఆకుపచ్చ అట్ట రిజిస్టరు దింపారు.

గరుడాచలం గారు నియమావళిని అర్థం చేసుకున్నవారు కారు. దానితో కాపురం చేసినవారు. ఆయన నడుస్తుంటే ముందు ఒక పేరా, వెనక ఒక ఉపపేరా నడుస్తున్నట్టుండేది. రికార్డులన్నీ తెలుగులోనే ఉండాలన్న ఉత్తర్వును ఆ సంస్థలో అక్షరాలా పాటించింది ఆయన ఒక్కరే. సీసా మీది ఇంగ్లీషు పేరును ఆయన స్వయంగా అనువదించి, పనిముట్ల శీర్షిక కింద, రెంచీలకూ స్క్రూడ్రైవర్లకూ దిగువన ఇలా నమోదు చేశారు: ‘సుత్తి తల. సంఖ్య: ఒకటి.’ అసలు ఎన్ని ఉన్నాయని ఆయన ఫోనులో అడిగిన మాట నిజమే. సీసాలో సుమారు కొన్ని లక్షల కోట్ల కోట్ల అణువులుంటాయని హైమవతి చెప్పింది. సంఖ్య గడిలో నాలుగు అంకెలకే చోటున్నందువల్ల ఆయన ఆ సమాచారాన్ని అతిశయోక్తిగా పరిగణించారు.

మందు పుచ్చుకున్న తొలి రోగి దస్తగిరి. చిన్నంగిపురం పాత బజారులో ఇరవై రెండేళ్లుగా టైలరు. కాలేయంలో వైరస్ తిష్ఠవేసి ఆరేళ్లయింది. కళ్లు పచ్చబడి, మిషను తొక్కితే ఆయాసం వచ్చే స్థితిలో, మే నెల రెండో వారంలో ఆసుపత్రి వార్డులో చేరాడు. సూది వేసేముందు హైమవతి అతనికి విషయమంతా వివరించింది.

“అంటే కత్తెర మాదిరి అన్నమాట” అన్నాడు దస్తగిరి.

“అవును. సరిగ్గా గుర్తు పెట్టిన చోటే కోస్తుంది.”

“కోసినంక కత్తెర ఏమైతాది మేడమ్?”

“ఏమీ కాదు. ఇంకో దారం వెతుక్కుంటుంది.”

“మంచి కత్తెర. మా అంగట్లోది నెలకొకసారి సాన పట్టియ్యల్ల” అని దస్తగిరి చెయ్యి చాచాడు.

అప్పుడే సామగ్రి విభాగం గుమాస్తా ఒక వోచరు తెచ్చి మంచం మీద పెట్టాడు. పుచ్చుకున్నవారు సంతకం చేయాలన్నాడు.

“సూదికి సంతకమేందప్పా?”

“నీ ఒంట్లోకే కదా వస్తాండేది. పుచ్చుకునేది నువ్వే. ఈడ పెట్టు.”

దస్తగిరి పెట్టాడు. కింద చిన్న అక్షరాల్లో ‘పై వస్తువును నా సంరక్షణలో భద్రముగా ఉంచి, కోరినపుడు యథాస్థితిలో తిరిగి అప్పగింతును’ అని ఉంది. చిన్న అక్షరాలు చదవడానికి కావలసిన కళ్లజోడు అతని అంగట్లో ఉండిపోయింది.

మందు పనిచేసింది. ఈ మాట ఇంత క్లుప్తంగా చెప్పడం అన్యాయమే. రెండు వారాల్లో రక్తంలో వైరస్ జాడ లేకుండా పోయింది, కళ్లు తెల్లబడ్డాయి, దస్తగిరి రెండోసారి అన్నం అడిగాడు. పరీక్ష ఫలితాల కాగితం చేత్తో పట్టుకుని హైమవతి వరండాలో ఒంటరిగా, చప్పుడు కాకుండా, ఒక గంతు వేసింది. ఆ సంస్థ చరిత్రలో అదే అత్యున్నత ఘట్టం. ఆ రోజు మే ముప్పై. డిశ్చార్జి కాగితం మీద తొమ్మిది సంతకాలు కావాలి. సాయంత్రానికి ఎనిమిది వచ్చాయి. తొమ్మిదోది సామగ్రి విభాగానిది.

“రోగి నిరభ్యంతరంగా వెళ్లవచ్చునమ్మా” అన్నారు గరుడాచలం గారు. “సుత్తి తల అప్పగించి వెళ్లమనండి.”

హైమవతికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వింది. ఆయన నవ్వకపోవడం చూసి ఆపేసింది.

“అది రక్తంలోకి ఎక్కించాం సార్.”

“ఎక్కించిన సంగతి వైద్య విభాగానిది. పుచ్చుకున్న సంగతి నాది. పుచ్చుకున్నట్టు సంతకమున్నది.”

“ఇప్పుడది లేదు సార్. ఆర్‌ఎన్‌ఏ ఒంట్లో ఎక్కువసేపు నిలవదు. రెండు రోజుల్లో ముక్కలైపోయి ఉంటుంది.”

గరుడాచలం గారు సొరుగు లాగి పద్నాలుగో గడి ఉన్న కాగితం తీసి, ఆమెవైపు తిప్పి, చూపుడు వేలు ఆనించారు.

“తరగదు అని తమరి దస్తూరీ. తరగని వస్తువు రెండు రోజుల్లో లేకుండా పోవడానికి నియమావళిలో రెండే మార్గములున్నవి. చౌర్యము, విధ్వంసము. ఏది రాయమంటారు?”

“తరగదు అంటే చర్యలో తరగదని సార్.”

“చర్య అనే గడి మన ఫారంలో లేదమ్మా.”

“అయితే అది కొట్టేసి, తరుగుతుందని రాసిస్తాను.”

“శాశ్వత రికార్డులో కొట్టివేతను ఏమంటారో తమరికి తెలియక అన్న మాటగా భావించి, నేను వినలేదనుకుంటాను.” ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “చూడండి, ఇందులో వ్యక్తిగతమేమీ లేదు. వస్తువు ఆ మనిషిలో ఉన్నదంటారా, ఆ మనిషి ఇక్కడ ఉండాలి. లేదంటారా, పోలీసులు ఇక్కడికి రావాలి. గేటు దగ్గర ఓబులేసుకు ఉత్తర్వు పంపాను. పాసు లేనిదే దస్తగిరి గేటు దాటడు.”

హైమవతి వార్డుకు వెళ్లేసరికి దస్తగిరి చొక్కా మడతపెట్టుకుని, చెప్పులు తొడుక్కుని, మంచం అంచున కూర్చుని ఉన్నాడు. అతని భార్య మాబున్ని టిఫిన్ క్యారియరు సంచిలో సర్దుతోంది. హైమవతి చెప్పిందంతా ఇద్దరూ విన్నారు.

“సుత్తి నాకెందుకిచ్చినారు మేడమ్?” అన్నాడు దస్తగిరి. “మీరు కత్తెర అనే కదా చెప్పింది.”

“కత్తెరే. పేరు మాత్రం సుత్తి.”

“పేరు ఏందైతేనేం” అంది మాబున్ని. “ఆ మనిషికి బుద్ధి చెప్పేవాళ్లే లేరా ఈడ? రేపు ఇంగ ఎవురికైనా అన్నం పెట్టి, అరగక ముందే వాపసు అడుగుతాడేమో.”

“నువ్వు ఊరకుండు. మేడమ్, ఎన్ని దినాలు పడ్తాది?”

“తెలీదు దస్తగిరీ.”

“నాకు పన్నెండో తేదీ తెలుసు మేడమ్. బళ్లు తెరిచే దినం.” అతను వేళ్లు మడవడం మొదలుపెట్టాడు. “కాన్వెంటు వాళ్లవి నూటిరవై జతలు. నా బామ్మర్ది గుడ్డ కత్తిరించి పెట్టినాడు, కుట్టు కూడా వాడే కుడ్తాడు. కాలరు మాత్రం వానికి రాదు. కాలరు నిలబెట్టేది ఈ ఊర్లో నేనొకన్నే. కాలరు లేకపోతే అది చొక్కా కాదు, బనీను. తేదీ దాటినాదంటే హెడ్మాస్టరు రెడీమేడు అంగడికి రాసిస్తాడు. ఒకసారి పోయిన బడి మళ్లా రాదు. ఆరేండ్లు జబ్బుతో ఉండి కూడా నేను ఆ బడి పోగొట్టుకోలేదు మేడమ్.”

తాను బాగు చేయకపోయి ఉంటే ఈ మనిషి ఇప్పుడు ఇంట్లో మిషను ముందు కూర్చుని ఉండేవాడన్న ఆలోచన హైమవతికి రాకపోలేదు. ఆమె నేరుగా డైరెక్టరు దగ్గరికి వెళ్లింది.

డైరెక్టరు త్రిలోచనరావు గారికి రోజుకు రెండు గంటలు ఉపన్యాసాలు, మూడు గంటలు ఉపన్యాసాల తయారీ. ఆయన మొత్తం విని, కుర్చీలో వెనక్కి వాలి, పైకప్పువైపు చూస్తూ ఒక్క మాట పదేపదే అనుకున్నారు.

“తరగని మందు. హైమవతీ, ఈ మాట మీరు ముందే నాతో ఎందుకు చెప్పలేదు? తరగని మందు. లోకంలో ఇంతవరకు ఉన్న మందులన్నీ వాడితే అయిపోయేవే.”

“అయిపోయింది సార్. అదే నేను చెబుతున్నాను.”

“సాంకేతికమైన మాటలు సాంకేతికుల మధ్య ఉండనీండి. ప్రజలకు ఆశ కావాలి.”

మర్నాడు జిల్లా పేజీలో డైరెక్టరు ఫొటోతో సహా వార్త వచ్చింది. ఆ వార్త వల్ల రెండు ఫలితాలు కలిగాయి. రెండో రోగికోసం మరో సీసా తెప్పించమని హైమవతి పెట్టుకున్న వినతి తిరిగి వచ్చింది. దాని మీద ‘ఉన్నదే తరగనప్పుడు మరొకటేల? మొదటి సంరక్షకుని నుండి స్వీకరించి రెండవవానికి అందజేయవలెను’ అని ఎర్ర సిరాతో ఉంది. రెండో ఫలితం, సామగ్రి విభాగానికి చురుకు పుట్టడం. పత్రికకెక్కిన వస్తువుకు ఇంకా ఆస్తి సంఖ్య వేయలేదని గరుడాచలం గారికి ఆ ఉదయమే గుర్తొచ్చింది.

ఆ సంస్థలో ప్రతి కుర్చీ వీపు మీద, ప్రతి బీరువా తలుపు మీద, తెల్ల రంగుతో ఒక సంఖ్య ఉంటుంది. రంగు డబ్బా, కుంచె పట్టుకుని గుమాస్తా వార్డుకు వచ్చాడు. సుత్తి తల కంటికి కనబడదు కనుక, అది ఉన్న పాత్ర మీద వేయాలని ఆదేశం. పాత్ర మంచం మీద కూర్చుని ఉప్మా తింటోంది.

“యాడ ఎయ్యమంటావ్?” అన్నాడు గుమాస్తా, కొంచెం మొహమాటంగానే.

దస్తగిరి కుంచె వైపూ, తన చేతి వైపూ చూసుకున్నాడు. “రంగు వద్దులేప్పా. కడిగితే పోతాది, మళ్లా నువ్వు రావల్ల. నంబరు చెప్పు, నేనే ఎక్కిస్తా.”

మాబున్ని సూదీ, తెల్ల దారమూ తెచ్చింది. అరగంటలో చొక్కా జేబు మీద గొలుసుకుట్టుతో ఆస్తి సంఖ్య వెలిసింది: ‘రా.సూ.చి.ప.సం./పనిముట్లు/తరగనివి/117’. అక్షరాల కొమ్ములూ, చుక్కలూ, గీతలూ తెల్లగా, పొందికగా, ఒక్క పోగు కూడా లేవకుండా కూర్చున్నాయి. గరుడాచలం గారు స్వయంగా వచ్చి చూశారు. జేబు మీద వేలితో నిమిరారు. సంస్థలోని నూట పదహారు పనిముట్లలో దేనికీ ఇంత అందమైన సంఖ్య లేదని ఆయన ముక్తకంఠంతో ఒప్పుకున్నారు. ఆ తర్వాత, ప్రభుత్వ వస్తువుకు సంరక్షకుడై ఉన్న వ్యక్తి ఆవరణలో ప్రయివేటు కుట్టుపని చేయరాదని మాబున్నికి ఒక మెమో ఇచ్చారు. ఎందుకంటే ఆమె ఆ సంచిలోనే పన్నెండు కాలర్లు కూడా తెచ్చింది.

“నంబరు కుట్టినప్పుడు మీ పనే కదా సామీ, అది ప్రయివేటు కాలేదా?” అంది మాబున్ని.

“అది శాఖాపరమైన కుట్టు” అన్నారు గరుడాచలం గారు.

జూన్ మూడున రాజధాని నుంచి వార్షిక భౌతిక తనిఖీ అధికారి దిగారు. రిజిస్టరులో ఉన్నదీ, నేల మీద ఉన్నదీ ఒకటేనా అని చూడటం ఆయన ఉద్యోగం. పేరు కుంభనాథం. మృదుభాషి. కుర్చీలను నాలుగు కాళ్లూ లెక్కపెట్టి ఒప్పుకునేవారు. దస్తగిరిని నిలబెట్టి, జేబు మీది సంఖ్యను రిజిస్టరుతో సరిచూసి, సంతృప్తితో తల పంకించి, పెన్సిలుతో అతని పక్కటెముకల మీద రెండుసార్లు మెల్లగా తట్టారు.

“లోపల ఉన్నదన్నమాట.”

“ఉన్నాదనే చెప్తాండారు సార్.”

“బరువుగా ఉంటుందా?”

“అన్నం తిన్నంక కొంచెం.”

కుంభనాథం గారు రాసుకున్నారు. తర్వాత రిజిస్టరు మళ్లీ చూసి, కనుబొమలు ముడిచి, హైమవతి వైపు తిరిగారు.

“సుత్తి తల అని ఉన్నది. మరి పిడి ఏదమ్మా?”

“పిడి ఉండదు సార్. అది ఆకారం పేరు మాత్రమే.”

“పిడి లేని సుత్తిని ఎవరైనా కొంటారా?”

“మేం కొన్నాం సార్.”

“అదే నా పరిశీలన” అన్నారు కుంభనాథం గారు, ఎంతో సానుభూతితో.

ఆ సాయంత్రం ఆకుపచ్చ రిజిస్టరులో 117వ సంఖ్య పక్కన ‘పిడి లేదు’ అన్న వాక్యం చేరింది. మర్నాడు పిడి ఏమైనదో సంజాయిషీ ఇవ్వవలసిందిగా హైమవతికి, పిడి వాడుకలో ఎక్కడైనా ఊడి పడిపోయిందేమో జ్ఞాపకం చేసుకోవలసిందిగా దస్తగిరికి వేర్వేరు కాగితాలు వచ్చాయి. దస్తగిరి తన కాగితానికి వార్డు నర్సు చేత జవాబు రాయించాడు. తాను పుచ్చుకున్నప్పుడు పిడి చూడలేదనీ, చూసి ఉంటే పుచ్చుకునేవాడే కాదనీ అందులో ఉంది.

హైమవతి సంజాయిషీ రాయలేదు. నియమావళి తెప్పించుకుంది. మూడు సంపుటాలు, పదకొండు అనుబంధాలు. ప్రయోగశాలలో పని ఎలాగూ ఆగిపోయింది కనుక రెండు పగళ్లు దాని ముందు కూర్చుంది. వైరస్ ఆర్‌ఎన్‌ఏలో కోత పడే చోటు వెతికినంత శ్రద్ధగా, వరుస వెంబడి వరుస వెతికింది. రెండో సంపుటం, ఐదో అనుబంధం, చివరి పేరాలో ఆమెకు కావలసిన రెండు మాటలు దొరికాయి: ‘సహజ అరుగుదల’.

తరగని వస్తువు దొంగిలింపబడకుండా, ధ్వంసం కాకుండా కూడా పోవచ్చునని, కేవలం ఉండీ ఉండీ అరిగిపోవచ్చునని ఆ పేరా ఒప్పుకుంది. బహుశా అది రాసినవారి కుర్చీ ఎప్పుడో కుంటిదై ఉంటుంది. హైమవతి ఆ పేజీలో కాగితం ముక్క పెట్టుకుని గరుడాచలం గారి గదికి వెళ్లింది. ఈసారి ఆమె మామూలు తెలుగులో మాట్లాడలేదు.

“సదరు వస్తువు సహజ అరుగుదలకు లోనై సేవాయోగ్యత కోల్పోయినదని సాంకేతిక ధ్రువపత్రము సమర్పించుచున్నాను. ఐదవ అనుబంధము మేరకు నిరుపయోగ వస్తు నిర్ధారణ సంఘమును సమావేశపరచ ప్రార్థన.”

గరుడాచలం గారు కుర్చీలోంచి సగం లేచారు. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఒక శాస్త్రజ్ఞుని నోట ఐదో అనుబంధం ఆయన వినలేదు. ఆ ముఖంలో మొదటిసారిగా గౌరవం లాంటిది కనిపించింది.

“కూర్చోండమ్మా. టీ తాగుతారా?” అన్నారాయన. “ఈ ముక్క మొదటిరోజే అని ఉంటే ఇంత దూరం వచ్చేదా?”

సంఘం ఏడో తేదీన కూర్చుంది. సభ్యులు డైరెక్టరు, గరుడాచలం గారు, వస్తువు పనిముట్ల శీర్షిక కింద ఉంది కనుక విద్యుత్ విభాగం నుంచి ఒక ఇంజనీరు. ఇంజనీరు దస్తగిరిని దగ్గరికి పిలిచి, చెవి ఆనించి విని, లోపల ఏ చప్పుడూ లేదని తేల్చాడు. పిడి కూడా లేనందువల్ల మరమ్మతు లాభసాటి కాదని కూడా రాశాడు. పత్రికలో వచ్చిన వార్త సంగతేమిటని డైరెక్టరు ఒక్కరే ఇబ్బందిపడ్డారు. “ఆవిష్కరణ అమరం, వస్తువు మాత్రమే అరిగింది” అన్న వాక్యాన్ని గరుడాచలం గారు సూచించగా ఆయన తేరుకుని, దాన్ని ఉపన్యాసంకోసం రాసుకున్నారు. నిర్ణయం ఏకగ్రీవం. సుత్తి తల నిరుపయోగం.

“అయితే ఇంక ఇంటికి పొయ్యేదేనా?” అన్నాడు దస్తగిరి.

“తొందరపడకు” అన్నారు గరుడాచలం గారు, ఆప్యాయంగా. “నిరుపయోగ వస్తువులను బహిరంగ వేలంలో విక్రయించవలెను. పాత్ర నుండి వేరు చేయ వీలుకాని వస్తువులను పాత్రతో సహా.”

హైమవతి ఐదో అనుబంధం చదివింది కానీ ఆరోది చదవలేదు.

“ఎవురికి అమ్ముతారు సార్ నన్ను?” అని అడిగాడు దస్తగిరి. అతని గొంతులో కోపం లేదు. కొలతలు తీసుకునేటప్పటి జాగ్రత్త ఉంది.

“నిన్ను కాదు నాయనా, సుత్తి తలను. నీవు ప్యాకింగు.”

వేలం తొమ్మిదో తేదీ ఉదయం పదకొండు గంటలకు, సామగ్రి విభాగం ముందు రేకుల షెడ్డులో జరిగింది. విడివిడిగా అమ్మితే ఎవరూ రారని నిరుపయోగ వస్తువులను మోపులుగా కట్టడం అక్కడి ఆచారం. ఏడో మోపులో తలుపు లేని ఇనుప బీరువా ఒకటి, చేతుల్లేని కుర్చీలు రెండు, రెక్కల్లేని పంకా ఒకటి, సుత్తి తల పాత్రతో సహా ఒకటి ఉన్నాయి. దస్తగిరి ఆ కుర్చీల్లోనే ఒకదాని మీద కూర్చున్నాడు. నంబరు చొక్కా ఉతికి, ఇస్త్రీ చేసి ఉంది. గరుడాచలం గారు గొంతు సవరించుకుని, ఎక్కడ ఉన్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే అనే షరతు మీద అమ్మకం జరుగుతుందని ప్రకటించారు.

నియమం ప్రకారం కనీసం ముగ్గురు పాటదార్లుండాలి. మాబున్ని వచ్చింది. పాత ఇనుము కొనే తిక్కయ్య ప్రతి వేలానికీ వచ్చేవాడే. మూడో మనిషికోసం షెడ్డంతా వెతికారు. చివరికి హైమవతి చెయ్యెత్తింది.

తిక్కయ్య బీరువాను తట్టి చూశాడు, పంకాను ఎత్తి చూశాడు, దస్తగిరి దగ్గరికొచ్చి ఆగాడు.

“నువ్వేంది ఈడ?”

“ఏడో మోపు” అన్నాడు దస్తగిరి.

“ఏం సార్, ఇదెంత తూకం వస్తాది?” అని తిక్కయ్య గరుడాచలం గారిని అడిగాడు.

“తూకపు సమాచారము లేదు. ఉన్నది ఉన్నట్టుగా.”

“నాకు బీరువా కావల్ల. మనిషి వద్దు. నా ఇంట్లో ఉండేవాళ్లకే తిండి పెట్టల్యాకుండా ఉన్నా.”

“నాకు మనిషి కావల్ల, బీరువా వద్దు” అంది మాబున్ని. “ఇద్దురం అన్నాదమ్ముల మాదిరి పంచుకుందాంలే అన్నా.”

మోపు విడదీయరాదని గరుడాచలం గారు గుర్తుచేశారు. అందుచేత పాట పాడక తప్పలేదు. తిక్కయ్య అలవాటు కొద్దీ ఒకసారి పెంచాడు; మాబున్ని కొంగు నడుముకు దోపి ఒకసారి పెంచింది; తిక్కయ్య మళ్లీ నోరు తెరిచేసరికి ఆమె అతనివైపు చూసిన చూపుకు తెరిచిన నోటితోనే ఆవలించాడు. హైమవతి వంతు రాగా, తాను తగ్గుతున్నట్టు చెప్పింది. మూడుసార్లు బల్ల మీద చెక్కతో కొట్టారు. పాత్రతో సహా సుత్తి తల మాబున్ని పరమైంది. బీరువా, కుర్చీలు, పంకా ఆమె తిక్కయ్యకు వదిలేసింది.

“ఇరవై నాలుగేండ్ల కిందట మా నాయన నన్ను ఈ మనిషికి ఉత్తపుణ్యానికి ఇచ్చినాడు. ఈ కాయితమన్నా ఇప్పుడు చేతికొచ్చె” అంది మాబున్ని రసీదు మడుస్తూ.

“కాలర్లు యాడున్నాయి?” అన్నాడు దస్తగిరి. అతను అప్పుడే లేచి నిలబడ్డాడు. “తొమ్మిది పోతే పది, పదకొండు. దినానికి అరవై. నువ్వు గుండీలు చూసుకుంటే అయితాది. నడువు.”

రసీదుతో పాటు వస్తువు బయటికి తీసుకుపోవు అనుమతి పత్రం నాలుగు ప్రతుల్లో తయారైంది. గరుడాచలం గారు దస్తగిరి భుజం తట్టి, మళ్లీ ఎప్పుడైనా అవసరం పడితే రావలసిందని చెప్పి, ఆకుపచ్చ రిజిస్టరులో 117వ వరుసను స్కేలు పెట్టి నిండు మనసుతో కొట్టివేశారు. హైమవతి వాళ్లిద్దరితో పాటు నడిచింది. ఆమె నివాసం ఆవరణలోనే, ప్రయోగశాల వెనకాల. ఊళ్లోకి పోవలసివస్తే సంస్థ జీపు ఉండేది. గేటు వరకు నడిచి వెళ్లడం ఆమెకు అదే మొదటిసారి.

గేటు ఘనంగా ఉంది. రెండు నిలువుల ఎత్తు రాతి స్తంభాలు, వాటి మీద సిమెంటు పద్మాలు, మధ్యన బల్లెపు మొనల ఇనుప రెక్కలు, అరచేతి మందం తాళం. ముందు స్టూలు మీద ఓబులేసు, వీపు నిటారుగా. అతను కాగితం తీసుకుని, నాలుగు ప్రతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి, మొదటి అక్షరం నుంచి చదవడం మొదలుపెట్టాడు.

“సుత్తి తల యాడుండాది?”

“ఈడనే” అని దస్తగిరి గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు.

“పిడి?”

“లేదని రాసినారు చూడు. కిందికి చూడు.”

ఓబులేసు కిందికి చూశాడు. చొక్కా జేబు మీది సంఖ్యను వేలు పెట్టి ఒక్కొక్క అక్షరమే పోల్చాడు. పంకా, కుర్చీలు ఎక్కడని అడిగాడు. తిక్కయ్య తీసుకుపోయాడని చెబితే, తన గేటులోంచి ఏ బీరువా బయటికి పోలేదని అనుమానపడ్డాడు. అతనలా నిలబెట్టి అడుగుతుండగా ఎండ నడినెత్తికి వచ్చింది. ఆటో పిలుచుకొస్తానని మాబున్ని ఎప్పుడు వెళ్లిందో ఎవరూ గమనించలేదు. చివరికి ఓబులేసు సంతకం చేసి, ముద్ర కొట్టి, ఒక ప్రతి తాను ఉంచుకుని, తాళం తీశాడు. ఇనుప రెక్కలు మూలుగుతూ తెరుచుకున్నాయి. దస్తగిరి తల వంచుకుని, గుండె మీద చెయ్యి తీయకుండా, బయటికి అడుగు పెట్టాడు.

బయట మాబున్ని ఆటోలో కూర్చుని ఉంది. ఆ వెనకాల తిక్కయ్య తోపుడుబండి మీద బీరువాకు తాడు బిగించుకుంటున్నాడు. గేటు తాళం ఇప్పుడే కదా తీసింది, వీళ్లెలా వెళ్లారని హైమవతి మొదట ఎడమ స్తంభం అవతలికి, తర్వాత కుడి స్తంభం అవతలికి చూసింది. ఎడమవైపు మేకలు లోపలికి వస్తున్నాయి. కుడివైపు సంస్థ గుమాస్తాలు టీకి బయటికి పోతున్నారు.

సంస్థకు ప్రహరీ గోడ ఇంకా కట్టలేదు.